రాయలసీమ గాలి, బెజవాడ కరెంటు

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న గాలిమరల సామర్థ్యం అంతా కలిపితే సుమారు 4,000 మెగావాట్లు. ఇబ్రహీంపట్నంలో జనం వీటీపీఎస్ అని పిలుచుకునే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం, కొత్తగా కట్టిన 800 మెగావాట్ల యూనిట్‌తో కలిపి 2,560 మెగావాట్లు. కాగితం మీద గాలిదే పైచేయి. అయినా మే నెలలో ఉక్కపోత రాత్రి పటమటలో, భవానీపురంలో, గుంటూరు బ్రాడీపేటలో ఏసీలన్నీ ఒక్కసారి ఆన్ అయినప్పుడు ఆ లోడులో ఎక్కువ భాగం మోసేది బొగ్గే. "సీమ నిండా అన్ని ఫ్యాన్లు పెట్టారు కదండీ, మరి బిల్లులో ఈ సర్దుబాటు చార్జీలేంటి?" అని అడిగేవాళ్లు ఇక్కడ చాలామంది. అడగాల్సిన ప్రశ్నే అది.

ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఈ ప్రశ్నలో మూడు లెక్కలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మర ఎంత ఇవ్వగలదు అన్నది ఒకటి, ఏడాదంతా కలిపి ఎంత ఇస్తుంది అన్నది ఇంకొకటి, మనకు కావాల్సిన గంటలో ఎంత ఇస్తుంది అన్నది మూడోది. పేపర్లలో వచ్చేది ఎప్పుడూ మొదటి లెక్కే. మన ఇంటి బిల్లుని నడిపించేది మాత్రం మూడోది. ఈ తేడా తెలియాలంటే ముందు గాలి కరెంటుగా ఎలా మారుతుందో చూడాలి.

రెక్క మీద ఏం జరుగుతుంది

గాలి వచ్చి రెక్కని నెట్టేస్తే మర తిరుగుతుందని మనలో చాలామంది అనుకుంటాం. అది చాలా చిన్న భాగం. గాలిమర రెక్కని అడ్డంగా కోసి చూస్తే గన్నవరంలో దిగే విమానం రెక్కలాగే ఉంటుంది: ఒక అంచు గుండ్రంగా, మందంగా, రెండో అంచు సన్నగా, ఒక వైపు ఎక్కువ ఉబ్బుగా. ఇలాంటి ఆకారం చుట్టూ గాలి పారితే ఉబ్బు వైపు ఒత్తిడి తగ్గుతుంది, అవతలి వైపు పెరుగుతుంది. ఈ తేడా రెక్కని ఒక పక్కకి లాగుతుంది. విమానంలో ఆ లాగుడు పైకి ఉంటుంది కాబట్టి విమానం లేస్తుంది. గాలిమరలో రెక్క ఇరుసుకి బిగించి ఉంటుంది కాబట్టి ఆ లాగుడు దాన్ని గుండ్రంగా తిప్పుతుంది. అందుకే రెక్క కొస గాలి కంటే ఎన్నో రెట్లు వేగంగా కదలగలదు. దూరం నుంచి చూస్తే బద్ధకంగా, నిమిషానికి 12 చుట్లు తిరుగుతున్నట్టు కనిపించే 60 మీటర్ల రెక్క కొస నిజానికి గంటకి 270 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది.

ఇక శక్తి లెక్క. ఈ విషయం మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చూద్దాం.

మన రాష్ట్రంలో ఈమధ్య పెట్టిన మరల్లో 120 మీటర్ల వ్యాసం ఉన్న చక్రం మామూలే. అది తిరిగే వృత్తం విస్తీర్ణం దాదాపు 11,300 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.8 ఎకరాలు. ఆకాశంలో నిలబెట్టిన 2.8 ఎకరాల చేను అది. సెకనుకి 6 మీటర్ల వేగంతో, అంటే గంటకి 22 కిలోమీటర్లలోపు వేగంతో వీచే ఒక మాదిరి గాలి ఆ చేను గుండా పోతుంటే ప్రతి సెకనూ 78 టన్నుల గాలి దాటుతుంది. గాలికి బరువేముంటుందని అనుకుంటాం గానీ, మన ఎండలకి కొంచెం పలచబడినా ఘనపు మీటరు గాలి కిలోకి పైనే తూగుతుంది. ఆ 78 టన్నుల కదలికలో ఉన్న శక్తి 1.4 మెగావాట్లు.

ఇప్పుడు గాలి వేగం రెట్టింపై సెకనుకి 12 మీటర్లు అయిందనుకోండి. శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు కూడా కాదు, ఎనిమిదింతలు అవుతుంది: 11 మెగావాట్లు దాటుతుంది. సెకనుకి రెట్టింపు గాలి దాటుతుంది, ఆ గాలిలో ప్రతి కిలోకీ ఉన్న శక్తి నాలుగింతలు ఉంటుంది, రెండూ గుణిస్తే ఎనిమిది. అదే గాలి సగానికి తగ్గి సెకనుకి 3 మీటర్లైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. గాలి కాస్త తగ్గితే కరెంటు కూడా కాస్త తగ్గుతుందని మనసు అనుకుంటుంది. నిజానికి కూలబడుతుంది. గాలి కరెంటు మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఎనిమిదింతల లెక్కే.

ఆ శక్తినంతా పిండుకోవడం కుదరదు. గాలిలోని శక్తి మొత్తం లాగేస్తే గాలి అక్కడే ఆగిపోవాలి, ఆగిపోతే వెనక వచ్చే గాలికి దారి ఉండదు. ఎంత గొప్ప మరైనా గాలి శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్క తేల్చాడు. ఇప్పటి మరలు 40 నుంచి 45 శాతం దాకా అందుకుంటున్నాయి. హద్దుకి అంత దగ్గరగా వచ్చేశాక రెక్కకి ఇంకా పదును పెట్టి కొత్తగా సాధించేది తక్కువ. అందుకే కంపెనీలు చక్రాన్ని పెద్దది చేయడం మీద, స్తంభాన్ని ఎత్తు చేయడం మీద పడ్డాయి. పైకి పోయేకొద్దీ నేల రాపిడి తగ్గి గాలి వేగం పెరుగుతుంది, ఆ కొంచెం పెరుగుదల, ఇందాకటి ఎనిమిదింతల లెక్కలాగే, ఘనంగా (వేగం × వేగం × వేగం) లెక్కకొస్తుంది. 140 మీటర్ల స్తంభాలు నిలబెట్టడం వెనక ఉన్న కారణం ఇదే.

స్తంభం మీద కనిపించే పెట్టె, దాన్ని నాసెల్ అంటారు, బస్సంత పెద్దది. అందులో ఇరుసు, గేర్‌బాక్స్, జనరేటర్ ఉంటాయి. నిమిషానికి 12 చుట్లని గేర్‌బాక్స్ వెయ్యికి పైగా చుట్లకి పెంచుతుంది. జనరేటర్‌లో అయస్కాంతం, రాగి చుట్టలు ఒకదాని పక్కన ఒకటి తిరిగితే కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే, థర్మల్ ప్లాంటులోనైనా శ్రీశైలంలోనైనా నడిచేది ఇదే. కొన్ని రకాల మరల్లో గేర్‌బాక్స్ ఉండదు, పెద్ద జనరేటరే నెమ్మదిగా తిరుగుతుంది. గాలి వేగాన్ని బట్టి చక్రం వేగం మారుతుంటుంది కాబట్టి వచ్చే కరెంటు తిన్నగా గ్రిడ్‌కి పనికిరాదు. కన్వర్టర్ దాన్ని గ్రిడ్ నడిచే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి, అంటే సెకనుకి 50 ఆవృతాలకి సరిచేస్తుంది. దాదాపు 690 వోల్టుల కరెంటు స్తంభం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్‌లో 33 కేవీకి, అంటే 33 వేల వోల్టులకి పెరిగి, ఇరవై ముప్ఫై మరల కరెంటు ఒక సబ్ స్టేషన్‌లో కలిసి, అక్కడి నుంచి 132 లేదా 220 కేవీ లైన్లు ఎక్కుతుంది.

సెకనుకి 3 మీటర్ల గాలి ఉంటే గానీ మర కరెంటు మొదలుపెట్టదు. ఇంతకు ముందు చెప్పిన 120 మీటర్ల చక్రానికి 2.1 మెగావాట్ల జనరేటర్ ఉందనుకుంటే, గాలి 9, 10 మీటర్లకి వచ్చేసరికే అది నిండిపోతుంది. ఆ పైన గాలి ఎంత పెరిగినా కంప్యూటర్ రెక్కల్ని వాటి ఇరుసు మీద కొద్దికొద్దిగా తిప్పి అదనపు గాలిని జారవిడుస్తుంది. 20 నుంచి 25 మీటర్లు దాటితే రెక్కల్ని గాలికి అంచుగా తిప్పేసి మరని ఆపేస్తారు. గుంటూరు నుంచి నంద్యాల, డోన్ మీదుగా బెంగళూరు వైపు రైల్లో పోయేవాళ్లు ఆగిన ఫ్యాన్లని చూసి పాడైపోయాయని అనుకుంటారు. గాలి చాలకపోవచ్చు, మరమ్మతు జరుగుతుండొచ్చు, గ్రిడ్‌లో చోటు లేక ఆపమని కబురు వచ్చి ఉండొచ్చు.

2.1 మెగావాట్లు అంటే ఎన్ని ఇళ్లు

2.1 మెగావాట్ల మర ఏడాదిలోని 8,760 గంటలూ పూర్తి బలంతో తిరిగితే కోటీ 84 లక్షల యూనిట్లు రావాలి. అలా ఎక్కడా రాదు. మన ప్రాంతంలో 25 శాతం వస్తుందని వేసుకుంటే 46 లక్షల యూనిట్లు. నెలకి 200 యూనిట్లు కాల్చే ఇళ్లు దాదాపు 1,900 ఏడాదంతా గడిపే కరెంటు అది. ఒక్క స్తంభానికి, బొగ్గు లేకుండా, బూడిద లేకుండా, నీళ్లు తాగకుండా ఇంత రావడం తక్కువేమీ కాదని నా అభిప్రాయం. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు బూడిదతో కాపురం చేసేవాళ్లకి ఈ మాట విలువ ఇంకా బాగా తెలుసు.

అదే 25 శాతం లెక్క రాష్ట్రం మొత్తానికి వేస్తే 4,000 మెగావాట్లు ఏడాది సగటున 1,000 అవుతాయి. ఈ సగటు కూడా మోసం చేస్తుంది. జూలైలో మంచి గాలి ఉన్న రోజున సామర్థ్యంలో సగానికి పైగా వస్తుంది, గాలి పడిపోయిన గంటలో పదో వంతు కూడా రాకపోవచ్చు.

గాలి అక్కడే ఎందుకు

అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి రుతుపవనాల్లో భూమికి సుమారు కిలోమీటరున్నర ఎత్తులో ఒక బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అది ద్వీపకల్పాన్ని దాటుకుంటూ పోతుంది. పశ్చిమ కనుమలు దానిలోని తడిని చాలావరకు అటే దింపించేస్తాయి. కనుమలకి ఇవతల, పీఠభూమి మీద ఉన్న అనంతపురం, కర్నూలు ప్రాంతాలకి చేరేసరికి గాలి మిగులుతుంది, వాన మిగలదు. అనంతపురాన్ని కరువు జిల్లా చేసిందీ, గాలి జిల్లా చేసిందీ ఒకటే ప్రవాహం. ఆ గాలి ఎత్తైన మెట్టల మీద, గుట్టల వరసల మీద ఇంకా ఊపందుకుంటుంది. రామగిరి, తాడిపత్రి, వజ్రకరూరు వైపు మరలు బారులు తీరింది ఇందుకే.

కృష్ణా డెల్టా సముద్రానికి అంత దగ్గరగా ఉండి కూడా ఈ విషయంలో వెనకబడింది. రుతుపవన గాలి ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోతుంది. సూర్యలంకలో సాయంత్రం హాయిగా తగిలే సముద్రపు గాలి ఒంటికి సుఖమే గానీ, 2.8 ఎకరాల చక్రాన్ని ఏడాదంతా నిండుగా తిప్పేంత నిలకడ దానికి లేదు. దానికి తోడు ఇక్కడ ప్రతి ఎకరం మాగాణి, ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ తక్కువ, భూమి ధర ఆకాశంలో ఉంది. సముద్రంలో పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, కానీ 1977 నవంబర్ దివిసీమ ఉప్పెన చూసిన తీరం ఇది. తుఫాన్లని తట్టుకునే మరలకి వేరే ప్రమాణాలున్నాయి, ఖర్చూ వేరు. దేశంలో సముద్రపు గాలికి ముందుగా ఎంచుకున్నవి గుజరాత్, తమిళనాడు తీరాలే.

కాబట్టి బెజవాడకి గాలి కరెంటు ఎప్పుడూ దూరం నుంచే రావాలి. వజ్రకరూరులో పుట్టిన కరెంటు పటమటకి చేరిందా లేదా అని అడగడంలో అర్థం లేదు. గ్రిడ్‌లో పడ్డాక ఏ యూనిట్ ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. ఏ క్షణాన ఎంత వాడుతున్నామో అంతే పుట్టాలి, అదొక్కటే నియమం.

గుణదలలో లెక్క

ఆ నియమాన్ని కాపాడేవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. గుణదల విద్యుత్ సౌధలో రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం రాత్రీ పగలూ పనిచేస్తుంది. రోజుని పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఎంత వాడకం ఉంటుంది, ఎక్కడి నుంచి ఎంత తేవాలి అని ముందే ప్లాన్ వేస్తారు. ఫ్రీక్వెన్సీ 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్యే ఉండాలి. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే ఫ్రీక్వెన్సీ పడుతుంది, ఉత్పత్తి ఎక్కువైతే లేస్తుంది.

గాలి, సోలార్ కంపెనీలు రేపు ఏ పావుగంటలో ఎంత ఇస్తామో ముందుగా చెప్పాలి. వాతావరణ అంచనా ఎంత బాగున్నా పూర్తిగా కుదరదు, ఎందుకంటే గాలి అంచనాలో పది శాతం పొరపాటు శక్తి లెక్కలో ముప్ఫై శాతం అవుతుంది. మళ్లీ ఆ ఘనం లెక్కే. అనుకున్న గాలి రాకపోతే ఆ లోటు అప్పటికప్పుడు పూడ్చాలి. జలాశయంలో నీళ్లుంటే జల విద్యుత్ నిమిషాల్లో అందుకుంటుంది. బొగ్గు అలా కాదు. బాయిలర్ చల్లారితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది కాబట్టి దాన్ని ఆర్పకుండా తక్కువ మంట మీద ఉంచాలి. ఎంత తక్కువ అంటే, 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం బొగ్గు యూనిట్లు 55 శాతం దాకా, తర్వాత దశలవారీగా 40 శాతం దాకా దిగగలగాలి. అంతకన్నా దిగలేనప్పుడు, పక్క రాష్ట్రాలు కొనలేనప్పుడు గాలిమరలనే ఆపాల్సి వస్తుంది. గాలి, సోలార్ కరెంటుని వచ్చినంతా తీసుకోవాలన్నది చట్టం చెప్పే మాట, గ్రిడ్ భద్రతకి ముప్పు ఉంటే తప్ప.

ఇందులో పెద్ద ఊరట 2013 డిసెంబర్ 31న వచ్చింది. ఆ రోజు రాయచూర్, షోలాపూర్ మధ్య 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో కలిసింది. అంతకు ముందు మన మిగులు చాలావరకు మన దక్షిణాదిలోనే సర్దుకోవాల్సి వచ్చేది.

బిల్లులో ఎక్కడ తేడా వచ్చింది

థర్మల్ ప్లాంటుకి డిస్కమ్‌లు, అంటే మన ఇళ్లకి కరెంటు పంచే కంపెనీలు, రెండు రకాలుగా డబ్బు కడతాయి. కట్టిన పెట్టుబడికి, సిద్ధంగా ఉన్నందుకు ఫిక్స్‌డ్ చార్జీ ఒకటి, కాల్చిన బొగ్గుకి ఇంకొకటి. గాలి వచ్చి బొగ్గు యూనిట్‌ని తగ్గిస్తే మిగిలేది బొగ్గు ఖర్చే, ఫిక్స్‌డ్ చార్జీ ఎలాగూ కట్టాలి. గాలి యూనిట్ కొన్న ధర ఆ బొగ్గు ఖర్చు కన్నా తక్కువైతే లాభం, ఎక్కువైతే నష్టం.

2015, 2016లలో మన రాష్ట్రంలో గాలి కరెంటుకి విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధర యూనిట్‌కి 4 రూపాయల 80 పైసలు దాటింది, అదీ పాతికేళ్ల ఒప్పందాలకి. సరిగ్గా ఆ వెనకే దేశంలో వేలంపాటలు మొదలయ్యాయి. 2017 ఫిబ్రవరిలో ధర 3.46కి, అదే ఏడాది చివరికి గుజరాత్‌లో 2.43కి దిగింది. 2019లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాల ధర తగ్గించాలని పూనుకుంది, కంపెనీలు హైకోర్టుకి వెళ్లాయి, 2022 మార్చిలో తీర్పు కంపెనీల వైపు వచ్చింది. పాత ధరే కట్టాల్సి వచ్చింది.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఆ ధర ఎక్కువే, దాని భారం మనం మోశాం. కానీ ఆ ఒప్పందాలు చూపించి గాలి కరెంటే ఖరీదైనదని తీర్మానించడం తప్పు. అప్పట్లో కొన్న విధానం ఖరీదైనది. ఇప్పటి వేలంపాటల్లో మూడు రూపాయల పైచిలుకుకి దొరుకుతున్న గాలి, దూరం నుంచి తెచ్చే బొగ్గు మంటతో పోటీ పడగలదు. అదీగాక ఈరోజు కుదిరిన గాలి ధర పాతికేళ్లూ అదే ఉంటుంది. బొగ్గు ధర, దాని రైలు రవాణా ధర అలా ఉండవు. ఇంధనం ధర పెరిగినప్పుడల్లా మన బిల్లులోకి దిగే సర్దుబాటు చార్జీలో గాలికి భాగం లేదు, గాలికి ఇంధనమే లేదు కాబట్టి.

అసలు ఇబ్బంది వేళ దగ్గర ఉంది. బెజవాడ వాడకం శిఖరానికి చేరేది ఏప్రిల్, మే నెలల్లో. నైరుతి గాలి అప్పటికి రాదు. జూన్ తర్వాత గాలి జోరందుకునేసరికి ఇక్కడ వానలు పడి ఏసీల వాడకం తగ్గుతుంది. గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకోవాలని మన రైతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటులో చిక్కేమిటంటే గాలి వచ్చినప్పుడు పట్టుకున్నదాన్ని గాదెలో పోసుకోవడానికి ఇన్నాళ్లూ చాలినంత గాదె లేదు.

ఇప్పుడు వస్తోంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు కట్టారు. కింద ఒక చెరువు, పైన ఒక చెరువు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడతారు, కొరత వేళ కిందికి వదిలి కరెంటు తీస్తారు. పెట్టిన కరెంటులో నాలుగింట మూడొంతులో ఇంకాస్త ఎక్కువో తిరిగి వస్తుంది. నాగార్జునసాగర్‌లో ఇలా వెనక్కి తోడగల యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి, కాబట్టి ఇదేమీ మనకి కొత్త విద్య కాదు. అయితే ఇది మధ్యాహ్నం సోలార్‌ని, తెల్లవారుజాము గాలిని సాయంత్రానికి మోసుకొస్తుంది. జూలై గాలిని మే నెలకి మోయలేదు. ఆ లోటుకి వేసవి పగలు సోలార్, రాత్రికి స్టోరేజీ, కొంత బొగ్గు ఇంకా చాలా ఏళ్లు కావాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం మబ్బులకి సోలార్ తగ్గినప్పుడు, పొద్దుగూకాక, గాలి నిలబడుతుంది. బొగ్గు నిల్వలు ఆ నాలుగు నెలల్లో పెంచుకుంటే వేసవికి టెన్షన్ తగ్గుతుంది.

మబ్బుల సంగతి

గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తున్నాయని అనంతపురం, కడప పల్లెల్లో గట్టి నమ్మకం ఉంది. చుట్టాలున్నవాళ్ల ద్వారా ఆ మాట గుంటూరు దాకా వచ్చింది. కరువు అనుభవించినవాళ్ల మాట కాబట్టి తీసిపారేయకుండా చూడాలి. పెద్ద మర రెక్క కొస నేలకి 200 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. వానమబ్బులు కిలోమీటర్ల మందంతో అంతకన్నా ఎంతో పైన నడుస్తాయి, వాటిని తెచ్చేది వేల కిలోమీటర్ల వెడల్పున్న రుతుపవనం. మర వెనక గాలి కొంత నెమ్మదిస్తుంది, సుడులు తిరుగుతుంది, కొన్ని కిలోమీటర్లలో మళ్లీ కలిసిపోతుంది. రాత్రిపూట పై గాలిని కింది గాలితో కలపడం వల్ల మరల దగ్గర నేల వేడి కొద్దిగా పెరుగుతుందన్నది నిజమే, కొలిచి చూశారు. అంతకు మించి వానని ఆపే బలం వాటికి లేదు. 1876-78 ధాత కరువు నాటికి సీమలో ఒక్క మర కూడా లేదు.

పక్షుల మాట వేరు, అది నిజమైన సమస్య. రోళ్లపాడు వైపు ఒకప్పుడు కనిపించిన బట్టమేక పక్షి లాంటి బరువైన పక్షులకి కరెంటు తీగలే పెద్ద గండం. మరలు, లైన్లు ఎక్కడ వేయకూడదో ముందే గీత గీయాలి.

ఇక అందరికంటే ముందు చేయాల్సిన పని ఒకటి రామగిరి లాంటి చోట్ల కాచుకుని ఉంది. 1990ల్లో అక్కడ వేసిన మరలు ఇప్పటివాటి పక్కన బొమ్మల్లాంటివి, కిలోవాట్లలో కొలిచేవి. గాలి బాగా ఉన్న గుట్టలు వెతికి వెతికి వాటికే ఇచ్చారు, అప్పట్లో అదే సరైన పని. ఇప్పుడు రాష్ట్రంలో గాలి బాగున్న చోట్లు చిన్న, ముసలి మరల కింద ఉన్నాయి. వాటిని తీసి పెద్దవి పెట్టే విధానం కేంద్రం 2016లో తెచ్చింది, 2023లో సవరించింది. రోడ్లున్నాయి, సబ్ స్టేషన్లున్నాయి, గాలి ఎంతో పాతికేళ్ల లెక్క చేతిలో ఉంది. పాత యజమానులు, పాత ఒప్పందాలు, ఇరుకైన పొలాల హద్దులు దాన్ని కదలనివ్వడం లేదు. కొత్త గుట్ట తవ్వే ముందు ఆ ముడులు విప్పితే, అదే గాలికి ఎన్నో రెట్లు యూనిట్లు గ్రిడ్‌లో పడతాయి.